తెరచాప పడవలో వంట, భోజనం

తెరచాప పడవనే ఇల్లు చేసుకుని సముద్రాల మీద తిరిగేవారి వంటావార్పూ, సరుకుల నిల్వా, తిండి అలవాట్లూ కలిసి ఒక ప్రత్యేకమైన విద్యగా ఎదిగాయి. ఈ పడవలు ఎక్కువగా 30 నుంచి 45 అడుగుల పొడవుంటాయి. ఇద్దరు ముగ్గురు మనుషులు, వాళ్ల పడకలు, ఇంజను, నీళ్ల ట్యాంకులు, తెరచాపలు, వంటగది అన్నీ అందులోనే ఇమడాలి. రేవులో లంగరు వేసుకున్న రోజుల్లో అక్కడి వంటకూ ఒడ్డున చిన్న అద్దె గదిలో చేసుకునే వంటకూ పెద్ద తేడా ఉండదు. అట్లాంటిక్ దాటేటప్పుడు మూడు వారాలు, పసిఫిక్‌లో పనామా నుంచి మార్కెసాస్ దీవులకు పోయేటప్పుడు నెల రోజులు, దారిలో అంగడి ఉండదు, కొళాయి ఉండదు, కాలి కింద నేల నిలకడగా ఉండదు. ఈ విద్య అసలు అవసరపడేది అప్పుడే.

తిండిని సోకు కింద జమకట్టి, పడవ నడపడమొక్కటే అసలు పని అనుకునే ధోరణి నావికుల్లో చాలాకాలం ఉంది. అది తప్పు. రాత్రి రెండు గంటలకు కాపలాకు లేచిన మనిషి కడుపులో వేడి వేడిగా ఏమైనా పడిందా లేదా అన్నదాన్ని బట్టే, గాలి పెరిగినప్పుడు ఆ మనిషి తెరచాప వేళకు తగ్గిస్తాడా, బద్ధకించి ఇంకో అరగంట చూద్దామనుకుంటాడా అన్నది తేలుతుంది. ఆకలి, చలి, నిద్రలేమి మూడూ కలిస్తే ఎంత అనుభవజ్ఞుడికైనా బుర్ర మందగిస్తుంది. వీటిలో సులువుగా తీర్చగలిగింది ఆకలి. కాబట్టి చుక్కాని పట్టడం, తెరచాప దించడం ఎలాగో అన్నం వండటం కూడా నావికవిద్యలో భాగమే. అమెరికన్ నావికురాలు లిన్ పార్డీ 1980లో ప్రచురించిన ‘ది కేర్ అండ్ ఫీడింగ్ ఆఫ్ ది ఆఫ్‌షోర్ క్రూ’ పుస్తకం ఈ మాటను గట్టిగా నిలబెట్టింది. ఆమె, భర్త లారీ కలిసి 24 అడుగుల సెరాఫిన్ అనే పడవలో, ఇంజను లేకుండా, ప్రపంచం చుట్టారు. జపాన్ నుంచి కెనడాకు చేసిన ప్రయాణంలో ఏ రోజు ఏం వండిందీ, ఎందుకు వండిందీ ఆమె ఆ పుస్తకంలో రోజువారీగా రాసింది.

చరిత్ర

పాతకాలపు ఓడల తిండి అంటే ఉప్పు పట్టించిన మాంసం, రాయిలాంటి బిస్కెట్టు, ఎండు బఠానీలు. నెలలు గడిచేసరికి చిగుళ్లు వాచి, పాత గాయాలు తిరగబెట్టి నావికులు చనిపోయేవారు. ఈ స్కర్వీ జబ్బు యుద్ధాలకన్నా, తుఫానులకన్నా ఎక్కువమంది నావికులను పొట్టన పెట్టుకుంది. 1747లో బ్రిటిష్ యుద్ధనౌక సాలిస్‌బరీ మీద వైద్యుడు జేమ్స్ లిండ్ 12 మంది రోగులను జంటలుగా విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజలు, నిమ్మకాయలు తిన్న జంట వారం తిరక్కుండానే కోలుకుంది. ఆ సంగతిని ఆయన 1753లో పుస్తకంగా అచ్చువేసినా, బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్ని అందరికీ పంచడానికి 1795 దాకా పట్టింది. కళ్లెదుట రుజువున్నా ఆచరణకు నలభై ఏళ్లు దాటడం వైద్యచరిత్రలో బాధాకరమైన ఘట్టం. 1810లో ఫ్రెంచివాడు నికొలా అపేర్ గాజు సీసాల్లో ఆహారాన్ని మూసి ఉడికించి నిల్వచేసే పద్ధతిని ప్రకటించాడు. ఆ వెంటనే తగరపు డబ్బాలు వచ్చాయి. చిన్న పడవల్లో దూరప్రయాణం సాధ్యపడటానికి డబ్బా తిండి ముఖ్య కారణం.

ఒంటరిగా ప్రపంచం చుట్టివచ్చిన మొదటి మనిషి జాషువా స్లోకమ్. 1895 ఏప్రిల్‌లో బోస్టన్ నుంచి స్ప్రే అనే పడవలో బయల్దేరి 1898 జూన్‌లో తిరిగొచ్చాడు. ఆయన ప్రయాణంలో తిండి రెండుసార్లు కథ నడిపింది. అజోర్స్ దీవుల్లో ఎవరో ఇచ్చిన తెల్ల చీజ్, రేగుపళ్లలాంటి ప్లమ్ పళ్లు కలిపి తిని కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు. ఆ జ్వరంలో, కొలంబస్ ఓడ పింటా మీది చుక్కానిదారు తన పడవ నడుపుతున్నట్టు కనిపించిందని రాసుకున్నాడు. తర్వాత చిలీకి దూరంగా ఉన్న హువాన్ ఫెర్నాండెజ్ దీవిలో, మాగెల్లన్ జలసంధిలో దొరికిన పశువుల కొవ్వులో డోనట్లు వేయించి అక్కడివాళ్లకు రుచి చూపించి, వండటం నేర్పి, కొవ్వు కూడా అమ్మాడు. వాళ్లు బదులుగా మునిగిన ఓడల్లోంచి తీసిన పాత నాణేలు ఇచ్చారు.

ఆగకుండా ఒంటరిగా భూమి చుట్టిన మొదటివాడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్. ఆయన పడవ సుహేలీ బొంబాయిలో టేకు కలపతో కట్టింది. 1968 జూన్ నుంచి 1969 ఏప్రిల్ దాకా సాగిన ఆ ప్రయాణంలో తిండి అంతా దాదాపు డబ్బాల్లోదే. ట్యాంకుల్లో మంచినీళ్లు పాడైపోవడంతో తెరచాప మీద పడిన వాన నీటిని పట్టుకుని తాగాడు.

గ్యాలీ

పడవ వంటగదిని గ్యాలీ అంటారు. అది ఎక్కడుందన్నదే సగం సంగతి. ముందుభాగం ప్రతి అలకూ లేచి పడుతుంది కాబట్టి అక్కడ పొయ్యి పెట్టరు. కుదుపు తక్కువగా ఉండే నడిమి భాగంలో, పైకి వెళ్లే మెట్ల పక్కన పెడతారు. అక్కడైతే ఆవిరి బయటికి పోతుంది, గిన్నె పైనున్న మనిషికి నేరుగా అందించవచ్చు. ఇంగ్లిష్ యు అక్షరం ఆకారంలో ఉన్న గ్యాలీ అన్నిటికన్నా మేలు. మూడు వైపులా ఆనుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. కొత్త పడవల్లో ఒక గోడ పొడవునా అందంగా పరిచిన వంటగట్టు రేవులో చూడముచ్చటగా ఉంటుంది గానీ, సముద్రంలో వండేవాళ్లను అది ఎటూ నిలవనివ్వదు.

గాలికి ఎదురుగా పోయేటప్పుడు తెరచాప పడవ 15 నుంచి 25 డిగ్రీలు ఒరిగి, అలాగే రోజులకు రోజులు ఉండిపోతుంది. దానికి విరుగుడు గింబల్ పొయ్యి. పడవ పొడవు దిశలో ఉన్న ఇరుసుకు పొయ్యిని తగిలిస్తారు. ఓడ ఎటు ఒరిగినా పొయ్యి పైభాగం ఉట్టి మీద కుండలాగా మట్టంగానే ఉంటుంది. పైన బరువైన కుండ పెడితే మాత్రం బరువు ఇరుసు కన్నా పైకి చేరి పొయ్యి తలకిందులయ్యే ప్రమాదం ఉంది. అందుకే మంచి పొయ్యిల అడుగున బరువు కడతారు. ఓవెన్ తలుపు తెరిస్తే ఆ తలుపు బరువుకే పొయ్యి ముందుకు వంగుతుంది. దానికి ముందు పొయ్యికి గడియ వేయడం మరిచిపోతే పైనున్న పులుసంతా వండే మనిషి ఒళ్లో పడుతుంది. గిన్నెలు జారకుండా పొయ్యి చుట్టూ ఇనుప కడ్డీలు, గిన్నెను రెండువైపులా బిగించే పట్టీలు ఉంటాయి. గట్టు అంచుకు రెండంగుళాల ఎత్తున కట్టిన చెక్క అంచును ఫిడిల్ అంటారు.

మనిషికీ పట్టు కావాలి. గ్యాలీ ఉన్న వైపు పైకి లేచినప్పుడు వండే మనిషి వెనక్కి పడతారు, అల్మారా తీస్తే లోపలివన్నీ మీదికి వస్తాయి. నడుము వెనక నుంచి వచ్చే వెడల్పాటి బెల్టు అప్పుడు ఆపుతుంది. ఆ వైపు కిందికి దిగినప్పుడు మనిషే పొయ్యి మీదికి తూలుతారు. అందుకు పొయ్యికి అడ్డంగా దిట్టమైన కడ్డీ ఉంటుంది. గాలి ఉధృతంగా ఉంటే చెమట పోసినా సరే, వానకోటు తాలూకు రబ్బరు ప్యాంటు వేసుకునే వండాలని అనుభవజ్ఞులు చెబుతారు. నడిసముద్రంలో కాలిన గాయానికి ఆసుపత్రి వారాల దూరంలో ఉంటుంది.

20 డిగ్రీల వాలులో పెసరపప్పు కిచిడీ ఎలా చేస్తారో చూస్తే ఈ వంట పద్ధతంతా తెలుస్తుంది. బియ్యం, పప్పు, ఉప్పు, పసుపు, మిరియాలు పొద్దున్నే, సముద్రం కాస్త నెమ్మదించినప్పుడే కొలిచి ఒక మూత డబ్బాలో పోసి ఉంచుతారు. కుక్కర్‌ను గట్టు మీద పెట్టరు, లోతైన సింక్‌లో దించుతారు. అక్కడినుంచి అది ఎటూ జారదు. సరుకు పోయడం, నీళ్లు కొలవడం అన్నీ సింక్‌లోనే. కుక్కర్ సగానికి మించి నింపరు. మూత బిగించాకే దాన్ని పొయ్యి మీదికి ఎత్తి, పట్టీలు బిగిస్తారు. ఇక పడవ ఎంత దొర్లినా చుక్క ఒలకదు. ఉడికాక మళ్లీ సింక్‌లోకే దించి, ఆవిరి పోయాక అక్కడే మూత తీస్తారు. కంచాలు వాడరు. లోతైన గిన్నెల్లో సగం దాకా వడ్డించి, చెంచా అందులోనే గుచ్చి, ఒక్కొక్కటే మెట్ల మీదుగా పైకి అందిస్తారు. చుక్కాని దగ్గరున్న మనిషి ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో చక్రం పట్టుకుని తినగలగాలి. రెండు చేతులూ కావలసిన తిండి ఏదైనా అక్కడ పనికిరాదు.

ప్రెషర్ కుక్కర్ మన ఇళ్లలో ఎంత మామూలో, దూరప్రయాణపు పడవల్లోనూ అంతే. గ్యాస్, నీళ్లు, వేడి మూడూ ఆదా అవుతాయి. వెయిట్ తీసేసి, రబ్బరు తీసేసి అందులో రొట్టె కూడా కాలుస్తారు.

నిప్పు

చాలా పడవల్లో వంట గ్యాస్ మీదే. ఒడ్డున మామూలు వస్తువైన గ్యాస్ పడవలో ప్రాణాంతకం కాగలదు. అది గాలికన్నా బరువైనది. ఇంట్లో కారితే కిటికీ తీస్తే చాలు. పడవలో కారితే నీళ్లలాగే కిందికి పారి, బిల్జ్ అనే అడుగు గుంటలో చేరి అక్కడే ఉండిపోతుంది. గాలిలో 2 శాతం కలిసినా ఒక్క నిప్పురవ్వకు పడవ పేలిపోతుంది. అందుకే సిలిండర్‌ను లోపల పెట్టరు. పైకి తెరుచుకునే, అడుగున సముద్రంలోకి రంధ్రం ఉన్న విడి పెట్టెలో పెడతారు. సిలిండర్ దగ్గర విద్యుత్ వాల్వు, దాని మీట పొయ్యి పక్కన, బిల్జ్‌లో గ్యాస్ పసిగట్టే పరికరం ఉంటాయి. వంట అయిన వెంటనే మొదట సిలిండర్ వైపు ఆపి, గొట్టంలో మిగిలిన గ్యాస్ మండి ఆరాకే బర్నర్ మూసే అలవాటు మంచి నావికులకు ఉంటుంది. ఇంకో చిక్కు, సిలిండర్ బిరడాలు దేశానికో రకంగా ఉంటాయి. ఫ్రెంచ్ దీవుల్లో నింపేది ఆస్ట్రేలియా సిలిండర్‌కు పట్టదు. అందుకే వాళ్ల సామాన్లలో అడాప్టర్ల సంచి ఒకటి తప్పక ఉంటుంది.

పాతతరం వాళ్లు కిరోసిన్ పొయ్యి వాడేవారు. 1892లో స్వీడన్‌లో పుట్టిన ప్రైమస్ పొయ్యి మన ఇళ్లలోని పంపు స్టవ్‌కు పూర్వీకురాలే. స్పిరిట్ పొయ్యిలు నిదానంగా కాగినా పేలవు. ఉత్తరాది చలిలో తిరిగే పడవలు డీజిల్ పొయ్యి పెట్టుకుంటాయి, గది కూడా వెచ్చబడుతుంది. ఇటీవల లిథియం బ్యాటరీలు, సోలార్ పలకలు వచ్చాక ఇండక్షన్ పొయ్యిలు పెరుగుతున్నాయి. గ్యాస్ భయం పూర్తిగా పోవడమన్నది చిన్న లాభం కాదు. అయితే మబ్బు పట్టిన వారంలో బ్యాటరీ ఏది ముందు నడపాలి, పొయ్యా, దిక్కు చూపే పరికరాలా అన్న ప్రశ్న వస్తుంది. అందుకని తెలివైనవాళ్లు ఒక చిన్న గ్యాస్ పొయ్యిని దాచుకుంటారు.

నీళ్లు

తాగడానికి, వండటానికి మనిషికి రోజుకు 3 నుంచి 4 లీటర్లు కావాలి. స్నానానికీ గిన్నెలకూ కూడా మంచినీళ్లే వాడితే ట్యాంకు ఎన్నాళ్లూ ఆగదు. అందుకే గ్యాలీలో రెండు కాలి పంపులుంటాయి, ఒకటి మంచినీళ్లకు, ఇంకొకటి సముద్రపు నీళ్లకు. గిన్నెలు ఉప్పునీటితో కడిగి, చివర ఒక్క గ్లాసు మంచినీళ్లతో తొలుస్తారు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కాబట్టి, మూడు పాళ్లు మంచినీళ్లకు ఒక పాలు సముద్రపు నీళ్లు కలిపి బంగాళదుంపలో, గుడ్లో ఉడికించుకుంటారు. విడిగా ఉప్పు వేయనక్కర్లేదు. ఇది నడిసముద్రపు నీటికే వర్తిస్తుంది. రేవుల్లో, నదుల మొగల్లో ఆ నీరు ముట్టకూడదు.

ఉప్పునీటిని మంచినీరు చేసే రివర్స్ ఆస్మోసిస్ యంత్రాలు చాలా పడవల్లోకి వచ్చాయి. సముద్రపు నీటిని సుమారు 55 బార్ల ఒత్తిడితో పొర గుండా నెట్టి ఉప్పు వేరుచేస్తాయి. రేవుల్లో తేలే నూనె, కొళాయి నీటిలోని క్లోరిన్ రెండూ ఆ పొరను నాశనం చేస్తాయి. యంత్రాన్ని నమ్ముకుని ట్యాంకులు ఖాళీగా బయల్దేరేవాళ్లు పెద్ద పొరపాటు చేస్తున్నట్టే. ఒడ్డు చేరేందుకు సరిపడా నీళ్లు ఎప్పుడూ ట్యాంకుల్లో ఉండాలి.

సరుకులు

ఈ విద్యలో నిజమైన నేర్పు కనిపించేది సరుకు కొనడంలో, దాచడంలో. ప్రతి నవంబరులో కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ రేవు నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకు వందలాది పడవలు గుంపుగా బయల్దేరతాయి. 1986లో జిమీ కార్నెల్ మొదలుపెట్టిన ఈ అట్లాంటిక్ ర్యాలీ దూరం సుమారు 2,700 నాటికల్ మైళ్లు. బయల్దేరే ముందు వారం ఆ రేవు గట్టు మీద అరటిగెలలు, గుడ్ల అట్టలు, క్యాబేజీ బస్తాలు బారులు తీరి ఉంటాయి.

అట్టపెట్టెలు గట్టు దాటి పడవలోకి రాకూడదు. వాటి మడతల్లో బొద్దింక గుడ్లుంటాయి, ఒక్కసారి బొద్దింకలు చేరాయంటే ఆ చీకటి మూలల్లోంచి వాటిని వదిలించడం మహా కష్టం. పళ్లు, కూరగాయలు గట్టు మీదే కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కటీ చూసి లోపలికి తెస్తారు. డబ్బాల మీది కాగితాలు చింపేసి, లోపల ఏముందో చెరగని సిరాతో మూత మీద రాస్తారు. తడికి ఆ కాగితాలు ఊడి బిల్జ్ పంపులో ఇరుక్కుంటే, పడవలో నీరు చేరినప్పుడు పంపు పనిచేయదు. పిండి, బియ్యం గాలి చొరని డబ్బాల్లో పోసి, పురుగు పట్టకుండా యూరప్ వాళ్లు ఎండిన బే ఆకు వేస్తారు, మనవాళ్లు వేపాకు వేసినట్టే. ఏ పెట్టెలో ఏముందో రాసిన పుస్తకం ఒకటి ఉంటుంది. తీసిన ప్రతిదీ అందులో కొట్టేస్తారు. పడకల కింద, నేల పలకల కింద, నీళ్ల ట్యాంకుల పక్కన ఇరవై చోట్ల దాచిన సరుకు ఈ పుస్తకం లేకపోతే ప్రయాణం చివరికి గానీ దొరకదు.

గుడ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కోడి పెట్టిన గుడ్డు పెంకు మీద సహజంగా ఒక పలుచని పొర ఉంటుంది. అది సూక్ష్మక్రిములను లోపలికి రానివ్వదు, లోపలి తేమను పోనివ్వదు. అమెరికా దుకాణాల్లో అమ్మే గుడ్లను కడిగేస్తారు, ఆ పొర పోతుంది, ఇక ఫ్రిజ్ లేకుండా అవి నిలవవు. యూరప్‌లో కడగని గుడ్లే అమ్ముతారు. కాబట్టి నావికులు ఎన్నడూ కడగనివి, ఎన్నడూ ఫ్రిజ్‌లో పెట్టనివి వెతికి కొంటారు. వాటికి పలుచగా వాజలీన్ రాసి అట్టల్లో పేర్చి, రెండు మూడు రోజులకోసారి అట్టతో సహా తిరగేస్తారు. అలా తిప్పితే పచ్చసొన ఒక పక్క పెంకుకు అంటుకోదు. ఈ శ్రద్ధ ఉంటే గుడ్లు నెల దాటి కూడా నిలుస్తాయి. అయినా ప్రతి గుడ్డునూ విడిగా గ్లాసులో కొట్టి, వాసన చూసి, తర్వాతే గిన్నెలో పోయాలి. ఒక్క చెడ్డ గుడ్డు ఆరు మంచి గుడ్ల అట్టును పాడుచేస్తుంది.

కూరగాయల్లో క్యాబేజీదే అగ్రస్థానం. దాన్ని కోయకుండా పై రేకులు ఒక్కొక్కటే ఒలుచుకుని వాడుకుంటే నాలుగు వారాలు వస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, గుమ్మడి, అల్లం చీకటిగా గాలి ఆడే చోట హాయిగా ఉంటాయి. ఉల్లినీ బంగాళదుంపనూ మాత్రం ఒకచోట పెట్టరు, రెండూ త్వరగా చెడతాయి. టమాటాలు పచ్చివి కొని ఒక్కోదాన్నీ కాగితంలో చుడతారు. ఆపిల్, అరటి విడుదల చేసే ఇథిలీన్ వాయువు మిగతావాటిని మగ్గబెడుతుంది కాబట్టి వాటిని దూరంగా ఉంచుతారు. అరటిగెల పడవ వెనక వేలాడదీస్తే అందంగా ఉంటుంది, కానీ గెల మొత్తం ఒకేసారి పండుతుంది. ఆ మూడు రోజులూ టిఫినూ భోజనమూ అరటిపండే. పళ్లను వలసంచుల్లో వేలాడదీసేటప్పుడు అవి ఊగినా గోడకు తగలనంత దూరం చూసుకోవాలి. లేకపోతే రెండో రోజుకే కమిలిపోతాయి.

రెండు వారాల తర్వాత ఆకుకూర అనేదే ఉండదు. ఆ లోటు తీర్చేది మొలకలు. పొడి పెసలలో విటమిన్ సి దాదాపు ఉండదు, మొలకెత్తేటప్పుడు అది పుడుతుంది. గుప్పెడు గింజలు, అరగ్లాసు నీళ్లు, సీసా మూతికి కట్టిన పలుచని గుడ్డ ఉంటే మూడో రోజుకు గిన్నెడు పచ్చని తిండి తయారు. భారతీయుల ఈ పాత అలవాటు సముద్రయానంలోనూ పనికొస్తుంది. పెరుగూ అంతే, పాలపొడి కలిపి కాచి, గోరువెచ్చగా చేసి, తోడు వేసి ఫ్లాస్కులో పోస్తే కుదుపులోనూ తోడుకుంటుంది.

ఫ్రిజ్ పడవ మీది కరెంటును అన్నిటికన్నా ఎక్కువ తినే వస్తువు. మంచి పడవల్లో అది పైనుంచి తెరిచే పెట్టె. చల్లగాలి బరువైనది కాబట్టి పైమూత తీసినా అది లోపలే ఉంటుంది; ఇంటి ఫ్రిజ్‌లాగా పక్కతలుపు తీస్తే ఒక్కసారిగా కిందికి ఒలికిపోతుంది. గోడలకు నాలుగంగుళాల ఫోమ్ ఉంటే సగం కరెంటు చాలు. ఫ్రిజ్ చెడితే ప్రయాణం ఆగిపోయేలా సరుకు కొనకూడదన్నది అందరూ ఒప్పుకునే నియమం.

ఫ్రిజ్ పుట్టక ముందే నిలిచిన తెలుగువారి నిల్వ తిండి ఈ అవసరాలకు ఎంతో బాగా సరిపోతుంది. ఊరగాయలు, కందిపొడి, చింతపండు, వడియాలు, అటుకులు, సున్నుండలు, ఎండుచేప వీటికి కరెంటు అక్కర్లేదు, బరువు తక్కువ, రుచి ఎక్కువ. జాడీ మాత్రం పనికిరాదు, మరమూత ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాలి. సముద్రపు తేమకు ఉప్పు కరుగుతుంది, అప్పడం మెత్తబడుతుంది, పొడులు గడ్డకడతాయి. చిన్న చిన్న డబ్బాల్లో విడదీసి, వారానికి ఒకటి తెరవడం మంచిది. తెలుగువారికి ఈ రంగంతో ఉన్న బంధం ఊహాజనితం కాదు. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు భారత నౌకాదళ మహిళలు ఆరుగురు 56 అడుగుల తారిణి పడవలో, వర్తికా జోషి నాయకత్వాన, 21,600 నాటికల్ మైళ్లు తిరిగి భూమి చుట్టివచ్చారు. వారిలో పి. స్వాతి విశాఖపట్నం ఆడపడుచు, బి. ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. కేప్ హార్న్ దాటిన ఆ ప్రయాణంలో వారు దక్షిణ మహాసముద్రపు చలినీ ఎత్తైన అలలనూ వారాల తరబడి తట్టుకున్నారు. అలాంటి చోట్ల ఒంటికి మామూలు రోజులకన్నా బాగా ఎక్కువ తిండి కావాలి, సరిగ్గా అప్పుడే వండటం దాదాపు అసాధ్యమవుతుంది.

ప్రయాణపు మొదటి మూడు రోజులు వేరే లెక్క. సముద్రవికారంతో చాలామందికి గ్యాలీలో తల దూర్చడమే గగనం. అందుకని ఆ మూడు రోజుల తిండి ఒడ్డునే వండి పెట్టుకుంటారు, వేడిచేస్తే చాలనేట్టు. అల్లం టీ, ఉప్పు బిస్కెట్లు, గంజిలాంటివి కడుపులో నిలుస్తాయి. రాత్రి కాపలావాళ్లకు ఒక్కొక్కరికి విడిగా ఒక తినుబండారాల డబ్బా, ఫ్లాస్కులో వేడి నీళ్లు ఉంచడం మంచి పద్ధతి. నిద్రపోయేవాళ్ల తలల పక్కన గిన్నెలు చప్పుడు చేయకుండా వాళ్లు ఏదైనా తినగలుగుతారు.

చేపలు

వెనక గాలం తాడు వదిలి సాగే పడవకు ట్యూనా, మహీమహీ పడటం మామూలే. ఉష్ణమండలంలో పొద్దున్నే లేచి చూస్తే ఎగిరే చేపలు వాటంతటవే డెక్ మీద పడి ఉంటాయి. పట్టిన చేపను వెంటనే నెత్తురు ఓడ్చి, నీడలో పెట్టి, చల్లబరచాలి. ట్యూనా జాతి చేప ఎండలో కొన్ని గంటలుంటే దానిలో హిస్టమిన్ పెరుగుతుంది. తిన్నవారికి ఒళ్లు ఎర్రబారి, దద్దుర్లు లేచి, గుండె దడ వస్తుంది. వండినా ఆ విషం పోదు.

అంతకన్నా మొండిది సిగ్వతెర. పగడపు దిబ్బల మీది సూక్ష్మజీవి గాంబియర్‌డిస్కస్ తయారుచేసే విషం చిన్న చేపల నుంచి పెద్ద చేపలకు చేరుతూ పోగుపడుతుంది. ఆ జీవికి ఆ పేరు వచ్చింది ఫ్రెంచ్ పాలినీషియాలోని గాంబియర్ దీవుల నుంచి. బారకుడా, మొరే ఈల్, పెద్ద గ్రూపర్ చేపల్లో ప్రమాదం ఎక్కువ. వాసనలో, రుచిలో, రంగులో తేడా తెలియదు, ఎంత ఉడికించినా పోదు. తిన్నవాళ్లకు వాంతులతో పాటు చల్లనిది తాకితే కాలినట్టు అనిపించే విచిత్ర లక్షణం వస్తుంది, తిమ్మిర్లు నెలలు ఉండవచ్చు. ఒక దిబ్బ చేప సురక్షితం, పక్క దిబ్బది విషం కావచ్చు. అందువల్ల దిబ్బ చేప తినే ముందు ఆ ఊరి జాలర్లను అడగడం తప్పనిసరి. లోతు సముద్రంలో పట్టిన చేపకు ఈ బెడద లేదు.

రేవులు, సంతలు

పడవ జీవితంలో బాగా తినడమంటే చేరిన ఊరి తిండి తినడం కూడా. మార్కెసాస్‌లో దిగినవారు మొదట వెతికేది పంపరపనస. ఇంట్లో చెట్టున్నవాళ్లు బస్తాలకొద్దీ ఇస్తారు, బదులుగా గాలాలో, తాడో అందుకుంటారు. సీమపనసను నిప్పుల్లో కాల్చి, తొక్క తీసి తింటారు. నెలరోజుల డబ్బా తిండి తర్వాత పచ్చి ట్యూనా ముక్కలు, నిమ్మరసం, అప్పుడే పిండిన కొబ్బరిపాలు కలిపిన తాహితీ వంటకం నోట్లో పడితే అది మరువలేని భోజనం.

ఫిజీలో తెలుగు నావికుడికి ఇంకో ఆనందం ఎదురవుతుంది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల కూలికి వెళ్లిన దక్షిణాదివారిలో తెలుగువారు చాలామంది ఉన్నారు. 1926లో వాళ్లంతా కలిసి కట్టుకున్న సంగం ఇప్పటికీ బడులు నడుపుతోంది. పడవలకు పేరుపొందిన సావుసావు రేవు సంతలోనూ లౌతోకా సంతలోనూ కరివేపాకు, వంకాయ, బెండకాయ, పచ్చిమిరప, కొత్తిమీర కుప్పలు పోసి ఉంటాయి. ఊరవతలి దీవుల్లో లంగరు వేసేవారు మాత్రం సంతలోనే కట్టగట్టిన యంగోనా అనే మొక్క వేరు కొనుక్కుని వెళ్లాలి. దాన్ని గ్రామపెద్ద ముందుంచి అనుమతి అడిగే సెవుసెవు మర్యాద ముగియకుండా అక్కడ చేప పట్టడం గానీ, కొబ్బరికాయ ముట్టడం గానీ తప్పు.

చెత్త విషయంలో అంతర్జాతీయ చట్టం స్పష్టంగా ఉంది. మార్పోల్ ఒప్పందపు ఐదో అనుబంధం 1988 నుంచి ప్లాస్టిక్‌ను ఏ సముద్రంలోనూ పారేయడాన్ని నిషేధించింది. మెత్తగా నలపని తిండి మిగుళ్లు తీరానికి 12 మైళ్లు దాటాకే, అది కూడా ప్రత్యేక ప్రాంతాలు కాని చోటే వేయవచ్చు. అందుకే ప్యాకింగు ఒడ్డునే విప్పి పడేసి సరుకు మాత్రమే పడవెక్కిస్తారు. మూడు వారాల ప్లాస్టిక్‌ను కడిగి, ముక్కలు చేసి, ఒక సీసాలో కుక్కి ఒడ్డుకు తెచ్చేవారూ ఉన్నారు.

పసిఫిక్ దాటి న్యూజిలాండ్‌లోని ఓపువాకు, ఆస్ట్రేలియాలోని బండబర్గ్‌కు చేరే పడవలను జీవభద్రతా అధికారులు వచ్చి సోదా చేస్తారు. తాజా పళ్లు, కూరగాయలు, తేనె, గుడ్లు, మొలకెత్తే గింజలు అక్కడ స్వాధీనం చేసుకుంటారు. అందుకని చివరి పది రోజుల వంట తలకిందుల లెక్కతో సాగుతుంది. అన్నాళ్లూ పొదుపుగా ఒలుచుకున్న క్యాబేజీ, లెక్కపెట్టి కొట్టిన గుడ్లు, చివరి నిమ్మకాయలు, అడుగున మిగిలిన తేనె అన్నీ ఒడ్డు కనిపించే లోపే అయిపోవాలి. ఆ రోజుల్లో ఆరు గుడ్ల అట్టు, తేనె పోసిన రొట్టె, గిన్నెడు మొలకలు పూటపూటకూ వడ్డిస్తారు.